గుండె ఆపరేషన్‌కి ముందు సీఆర్‌పీ ఎక్కువొచ్చింది: తగ్గించాలా, ఎందుకొచ్చిందో వెతకాలా?

బైపాస్‌కో, వాల్వు మార్చడానికో విశాఖపట్నంలో డేట్ ఇచ్చేశాక, ఊళ్లో చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలు పట్టుకుని మా ల్యాబ్ కౌంటర్ దగ్గరకొచ్చేవాళ్లు గుండె గురించి ఏమీ అడగరు. వేలు తిన్నగా సీఆర్‌పీ అన్న లైను మీదకి వెళ్తుంది, కాగితమంతటిలో ఆ అంకె ఒక్కటే నల్లగా, లావుగా అచ్చయి ఉంటుంది మరి. "ఏటి బాబూ, ఇదేటి ఇంతుంది? ఆపరేషన్ సేత్తారా, ఎనక్కి పంపేత్తారా?" శ్రీకాకుళంలో ఓ చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్ని నేను, ఆ ప్రశ్నకి జవాబు సర్జనే చెప్పాలి. కానీ ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎంతవరకు నమ్మొచ్చో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో మాత్రం నాకు తెలిసినంతలో చెప్పగలను. చెప్పాలని ఎందుకనిపించిందంటే, చాలామంది ఆ అంకెని ఎలాగోలా తగ్గించుకుని వెళ్దామని చూస్తారు, తిన్నగా మందుల షాపుకెళ్లి ఐదు రోజుల యాంటీబయాటిక్ కొనేసుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఈ భయం కొంత కరోనా తెచ్చిపెట్టిందే. 2021 రెండో వేవ్‌లో సీఆర్‌పీ, డి-డైమర్, ఫెరిటిన్ అనే పేర్లు ఇంటింటికీ తెలిసిపోయాయి, అంకె పెరిగితే మనిషి పోతాడన్నట్టు వాట్సాప్‌లో తిరిగాయి. అప్పటినుంచి సీఆర్‌పీ అంటే ఒకటే టెన్షన్. కాస్త నెమ్మదిగా చూద్దాం.

సీఆర్‌పీ అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గుర్తించారు. ఇది తయారయ్యేది ఎక్కువగా కాలేయంలో. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలినా, సూక్ష్మజీవులు చేరినా, రక్తం అందక కండ చచ్చినా, అక్కడి రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలు వదులుతాయి, అవి కాలేయానికి చేరగానే అది సీఆర్‌పీని తయారుచేసి రక్తంలోకి పంపడం మొదలుపెడుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పెరుగుదల కనబడుతుంది, సుమారు రెండు రోజులకి శిఖరానికి చేరుతుంది, కారణం తొలగిపోతే దాదాపు 19 గంటలకోసారి సగం చొప్పున తగ్గిపోతుంది. అంటే ఇది చాలా చురుకైన మార్కర్, నిన్నా ఇవాళా ఏం జరిగిందో చెప్తుంది. ఏ కారణం వల్ల జరిగిందో మాత్రం చెప్పదు. ఒంటి రక్షణ వ్యవస్థ ఇలా రేగడాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇన్‌ఫ్లమేషన్ అనగానే ఇన్‌ఫెక్షన్ అనుకోవడం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. కీళ్లవాతం ఉన్నా పెరుగుతుంది, గౌట్ ఉన్నా, పొట్ట కొవ్వు బాగా ఉన్నా, పొగ తాగినా, చిగుళ్లు వాచినా, మూడు రోజుల కిందట హార్ట్ ఎటాక్ వచ్చినా పెరుగుతుంది. వీటిలో చాలావాటికి యాంటీబయాటిక్‌తో ఏ సంబంధమూ లేదు.

ఇక ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. మాలాంటి చిన్న ల్యాబుల్లో చాలాచోట్ల ఇప్పటికీ లేటెక్స్ స్లైడ్ పద్ధతే. స్లైడు మీద గీసిన వలయంలో రోగి సీరం ఒక చుక్క, తెల్లటి లేటెక్స్ రీఏజెంట్ ఒక చుక్క వేసి, ప్లాస్టిక్ పుల్లతో కలిపి, రెండు నిమిషాలు చేత్తో అటూ ఇటూ ఆడిస్తాం. కలిపినది నున్నగా అలాగే ఉండిపోతే నెగెటివ్, సన్నటి తెల్ల రవ్వలు విడివడి కనిపిస్తే పాజిటివ్. చాలా కిట్లలో లీటరుకి 6 మిల్లీగ్రాములు దాటితేనే ఆ రవ్వలు తేలతాయి. ఎంతుందో తెలియాలంటే సీరాన్ని సెలైన్‌తో సగానికి, పావుకి అలా పలచన చేసుకుంటూ పోయి, ఎక్కడిదాకా రవ్వలు వస్తున్నాయో చూడాలి. అందుకే ఈ పద్ధతిలో 6, 12, 24, 48 అనే అంకెలే వస్తాయి, మధ్యలో 17 అనో 31 అనో రానే రాదు. అంటే సోమవారం 12, గురువారం 24 వచ్చిందంటే జబ్బు రెట్టింపయిందని కాదు, ఒక్క మెట్టు అటూ ఇటూ అయ్యిందంతే, అది చూసిన కళ్లని బట్టీ వెలుతురుని బట్టీ కూడా మారొచ్చు. పెద్ద ఆస్పత్రిలో మెషీన్ మీద చేసే పరీక్ష వేరు, దానికి దశాంశాలతో సహా లెక్క వస్తుంది. ఈ రెండు రిపోర్టులనీ పక్కపక్కన పెట్టి పెరిగిందా తగ్గిందా అని పోల్చడం దండగ.

ఇంకో మెలిక యూనిట్లది. కొందరు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు, కొందరు డెసిలీటరుకి రాస్తారు. డెసిలీటరు అంటే లీటరులో పదో వంతు కాబట్టి 1.8 అన్నా 18 అన్నా ఒకటే. ఒక చోట 18 వచ్చినాయన ఇంకో చోట 1.8 చూసి తగ్గిపోయిందని స్వీట్లు పంచినా ఆశ్చర్యం లేదు, తిరగేసి ఏడ్చేవాళ్లూ ఉన్నారు. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే యూనిట్ చదివాకే ఏ నిర్ణయానికైనా రండి. హెచ్ఎస్-సీఆర్‌పీ అని ఇంకొకటుంది, అది అదే ప్రోటీన్‌ని బాగా తక్కువ స్థాయిల్లో కొలిచే పరీక్ష. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే గుండెజబ్బు ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని 2003లో అమెరికా నిపుణులు గీత గీశారు. కానీ అది ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషికి రాబోయే ఏళ్ల ముప్పు అంచనా వెయ్యడానికి గీసిన గీత, రేపో ఎల్లుండో ఛాతీ తెరవబోతున్న మనిషికి కాదు. 10 దాటితే ఏదో తాజా కారణం ఉందనుకుని, అది సర్దుకున్నాక రెండు వారాలాగి మళ్లీ చెయ్యమంటారు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో దీన్ని కలిపి అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు, అది వేరే కథ.

ఇన్‌ఫ్లమేషన్‌కి రెండో కొలత ఈఎస్ఆర్, దాని గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. గాజు గొట్టంలో రక్తం నిలబెట్టి గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందకి దిగాయో చూస్తాం. నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగా తగ్గుతుంది, వయసుతో పెరుగుతుంది, ఆడవాళ్లలో ఎక్కువుంటుంది, అన్నిటికంటే ముఖ్యంగా రక్తహీనత ఉంటే ఊరికే పెరిగిపోతుంది. హిమోగ్లోబిన్ 8, 9 ఉన్న అమ్మలు మన దగ్గర ఎంతమందో. వాళ్ల ఈఎస్ఆర్ 60 చూసి టీబీయేమో అని బెంగపడేకంటే ముందు ఆ హిమోగ్లోబిన్ చూడాలి, పైగా గుండె ఆపరేషన్‌కి వెళ్లే మనిషికి రక్తహీనత దానంతటదే ఒక ముప్పు.

మూడోది చాలామందికి తెలియనిది, విడిగా డబ్బు పెట్టి చేయించనక్కర్లేనిది. సీబీపీ, అంటే రక్తకణాలు లెక్కపెట్టే మామూలు పరీక్ష రిపోర్టులో న్యూట్రోఫిల్స్ శాతం, లింఫోసైట్స్ శాతం ఉంటాయి కదా, రెండూ తెల్లకణాల్లో రకాలు, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 72, 20 ఉంటే 3.6 వస్తుంది. మామూలుగా ఇది 1 నుంచి 3 మధ్య ఉంటుంది. ఒళ్లు ఒత్తిడిలో ఉన్నప్పుడు న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి, అందుకే ఈ నిష్పత్తి ఒంట్లో నడుస్తున్న హడావిడికి ఒక కొలత. దీనికీ ఓ గోల ఉంది. ఆయాసానికి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడేవాళ్లకీ, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర డెక్సా అనే స్టెరాయిడ్ ఇంజక్షన్ వేయించుకుని వచ్చినవాళ్లకీ న్యూట్రోఫిల్స్ పెరిగి నిష్పత్తి పైకి పోతుంది, అదే మందు సీఆర్‌పీని కిందకి దించుతుంది. ఒకే కాగితం మీద ఒక మార్కర్ బాగుందంటే, ఇంకొకటి బాలేదంటుంది. అందుకే ఏయే మందులు, ఏయే ఇంజక్షన్లు పడ్డాయో దాచకుండా చెప్పమని బతిమాలుతుంటాం. ఆర్ఎంపీ పేరు చెప్తే ఆయనకి ఇబ్బందని ఊరుకుంటారు, పేరెవరికి కావాలి, మందు పేరు చాలు.

ఇప్పుడు అసలు విషయం. ఆపరేషన్‌కి ముందే ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఏమవుతుంది? గుండె ఆపరేషన్ దానంతటదే ఒంటికి పెద్ద దెబ్బ. ఎదురురొమ్ము ఎముక కోస్తారు, గుండెని ఆపుతారు, ఆ గంటల సేపు రక్తమంతా హార్ట్-లంగ్ మెషీన్ గొట్టాల్లోంచి, ఆక్సిజనేటర్‌లోంచి తిరిగి ఒంట్లోకి వెళ్తుంది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఈ మెషీన్‌తో తొలి విజయవంతమైన ఆపరేషన్ చేసిన నాటినుంచీ ఉన్న సమస్య ఏంటంటే, రక్తానికి ఆ ప్లాస్టిక్ పరాయిది. తాకగానే కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది, తెల్లకణాలు రెచ్చిపోతాయి, ఇంటర్‌ల్యూకిన్లు ఎగబాకుతాయి, రక్తనాళాల గోడలు కారడం మొదలవుతుంది, బీపీ పడిపోవచ్చు, ఊపిరితిత్తులు, కిడ్నీలు నీరసించొచ్చు. చాలామంది ఒకట్రెండు రోజుల్లో తట్టుకుని లేస్తారు. మెషీన్ లేకుండా, కొట్టుకుంటున్న గుండె మీదే చేసే బైపాస్‌లో ఈ హడావిడి కొంత తక్కువే కానీ, ఛాతీ కోసిన దెబ్బ అక్కడా ఉంటుంది. 4,752 మందితో జరిగిన కరోనరీ అనే ట్రయల్‌లో, 2012లో వచ్చిన ఫలితాల ప్రకారం, నెల రోజుల మరణాల్లో రెండు పద్ధతులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి ఆపరేషన్ బల్ల ఎక్కేటప్పటికే ఒంట్లో రక్షణ వ్యవస్థ సగం రెచ్చిపోయి ఉంటే, దాని మీద ఈ దెబ్బ పడితే? ఆలోచన అదీ, తార్కికంగానే ఉంది.

లెక్కలు కూడా దాన్ని సమర్థిస్తాయి, ఒక మేరకు. ఫిన్లాండ్ నుంచి 2003లో వచ్చిన అధ్యయనంలో బైపాస్‌కి ముందు సీఆర్‌పీ డెసిలీటరుకి 1 మిల్లీగ్రాము, అంటే లీటరుకి 10 దాటినవాళ్లలో ఆపరేషన్ తర్వాత మరణాలు ఎక్కువ కనిపించాయి. స్కాట్లాండ్ నుంచి 2007లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, పైన చెప్పిన న్యూట్రోఫిల్ లింఫోసైట్ నిష్పత్తి ఎక్కువున్న బైపాస్ రోగులకి ఫలితాలు అధ్వాన్నంగా వచ్చాయి. ఆ తర్వాత చాలా దేశాలనుంచి ఇలాంటివే వచ్చాయి, కొన్ని కిడ్నీ దెబ్బతినడంతో ముడిపెట్టాయి, కొన్ని ఐసీయూలో ఎక్కువ రోజులు ఉండటంతో, కొన్ని ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు రోజుల్లో వచ్చే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో, అంటే గుండె లయ తప్పడంతో. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువున్నవాళ్లకీ అంతే. అల్బుమిన్ ఈ ఆటలో తిరగబడ్డ మార్కర్, ఇన్‌ఫ్లమేషన్ ఉంటే అది తగ్గుతుంది. కాలు వాపుతో వచ్చినాయన రిపోర్టులో అల్బుమిన్ 2.8 ఉంటే నాకు సీఆర్‌పీ 18 కంటే అదే ఎక్కువ కలవరం.

అయితే సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లు ఎవరో ఒకసారి చూడాలి. నాలుగు రోజుల కిందటే హార్ట్ ఎటాక్ వచ్చి హడావిడిగా ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు, గుండె పంపింగ్ పడిపోయినవాళ్లు, కిడ్నీలు పాడైనవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, పొగ తాగేవాళ్లు, ముసలివాళ్లు. వీళ్లకి సీఆర్‌పీ ఎంతున్నా ఆపరేషన్ కష్టమే. ఈ సంగతులన్నీ లెక్కలో పెట్టి చూస్తే సీఆర్‌పీ ఒక్కదాని వాటా కుంచించుకుపోతుంది, కొన్ని అధ్యయనాల్లో ఇంకా మిగులుతుంది, కొన్నిట్లో దాదాపు మాయమవుతుంది. యూరప్‌లో సర్జన్లు ముప్పు అంచనాకి వాడే యూరోస్కోర్-2 లెక్కలో వయసు ఉంది, కిడ్నీ పనితీరు ఉంది, గుండె పంపింగ్ ఉంది, ఊపిరితిత్తుల జబ్బు ఉంది, ఇన్సులిన్ మీద ఉన్న షుగర్ ఉంది, ఈమధ్యే వచ్చిన హార్ట్ ఎటాక్ ఉంది, ఆపరేషన్ ఎంత అత్యవసరమన్నది ఉంది. సీఆర్‌పీ లేదు. ఈఎస్ఆర్ లేదు. కాగితం మీద లావుగా అచ్చయిన అంకె ఆ లెక్కలోనే లేదంటే కౌంటర్ దగ్గర ఎవరూ నమ్మరు.

వంశధారకి వరదొచ్చినప్పుడు గొట్టా బ్యారేజీ దగ్గర గేజి చూసి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వాన పడింది ఒడిశాలో గుణుపూర్ వైపు కావచ్చు, కాశీనగర్ వైపు కావచ్చు, గేజికి ఆ సంగతి తెలీదు, నీళ్లు ఎంత పైకొచ్చాయో అంతే చెప్తుంది, దాని మీద అంకె చెరిపేస్తే వరద తగ్గదు. సీఆర్‌పీ సరిగ్గా అలాంటిదేనని జన్యుశాస్త్రం వైపు నుంచి కూడా సాక్ష్యం దొరికింది. పుట్టుకతో వచ్చిన జన్యువుల తేడాల వల్ల కొందరికి జీవితాంతం సీఆర్‌పీ కాస్త ఎక్కువుంటుంది, దాదాపు రెండు లక్షల మంది సమాచారం కలిపి చూసిన 2011 నాటి అధ్యయనంలో, వాళ్లకి అందువల్ల గుండెజబ్బు ఎక్కువేమీ రాలేదు. ఇంటర్‌ల్యూకిన్-6 దారి మాత్రం గుండెజబ్బుకి నిజంగానే కారణమయ్యేలా ఉందని ఆ తర్వాతి ఏడాది వచ్చిన ఇదే తరహా పరిశోధనలు చెప్పాయి. అంటే తప్పు సీఆర్‌పీది కాకపోయినా, దాన్ని పెంచే దారిలో ఎక్కడో ఉంది.

మరి ఆ దారికే అడ్డుకట్ట వేస్తే? వేసి చూశారు, పెద్ద ఎత్తున. ఇన్‌ఫ్లమేషన్‌ని అణచడంలో స్టెరాయిడ్‌ని మించింది లేదు కాబట్టి నెదర్లాండ్స్‌లో 4,494 మందికి గుండె ఆపరేషన్ సమయంలో డెక్సామెథసోన్ పెద్ద డోసు ఒకటి, లేదా ఉత్తి సెలైన్ ఇచ్చి పోల్చారు, ఫలితాలు 2012లో వచ్చాయి. మరణం, హార్ట్ ఎటాక్, పక్షవాతం, కిడ్నీ, ఊపిరితిత్తుల వైఫల్యం, ఇవన్నీ కలిపి చూస్తే నమ్మదగ్గ తేడా తేలలేదు. 2015లో 18 దేశాల్లో 7,507 మందితో సిర్స్ అనే ట్రయల్ మిథైల్‌ప్రెడ్నిసోలోన్‌తో అదే ప్రశ్న అడిగింది, మరణాలు తగ్గలేదు సరికదా గుండె కండ దెబ్బతిన్న గుర్తులు కాస్త ఎక్కువ కనిపించాయి. 2016లో చైనాలో 1,922 మందికి ఆపరేషన్‌కి ముందునుంచీ రోసువాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు (స్టాటిన్) ఇచ్చి చూస్తే గుండె లయ తప్పడం తగ్గలేదు, కిడ్నీ దెబ్బతినడం కొంచెం పెరిగింది. (ముందునుంచే స్టాటిన్ వాడుతున్నవాళ్లు దీన్ని చదివి మందు ఆపెయ్యకండి, ఆ ట్రయల్ అడిగిన ప్రశ్న వేరు.) కోల్చిసిన్ అనే గౌట్ మందు ఆపరేషన్ తర్వాత గుండె పొర వాచే సమస్యని తగ్గించిందని 2014లో ఇటలీ నుంచి వచ్చింది, కడుపు పాడవడం ఎక్కువైందని కూడా అందులోనే ఉంది. ఆపరేషన్లతో సంబంధం లేకుండా, పాత హార్ట్ ఎటాక్ రోగుల్లో మాత్రం ఇన్‌ఫ్లమేషన్‌ని అణిచే కనాకినుమాబ్ అనే ఖరీదైన మందు కొలెస్ట్రాల్ ముట్టుకోకుండానే కొత్త ఎటాక్‌లని తగ్గించగలిగింది, 2017లో, పదివేల పైచిలుకు మందిలో. దాంతోపాటే ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. రక్షణ వ్యవస్థని అణిస్తే రక్షణ కూడా పోతుంది మరి, ఛాతీ కోసిన మనిషికి ఆ బేరం అంత తేలిగ్గా కుదరదు.

కాబట్టి నా మటుకు నాకు అర్థమైంది ఇది: ఆపరేషన్‌కి ముందు పెరిగిన సీఆర్‌పీ ఒక ప్రశ్న వేస్తుంది, ఎందుకు పెరిగాను అని. టైముంటే ఆ ప్రశ్నకి జవాబు వెతకడం వల్ల లాభం ఉంది. అంకెని మాత్రం దించడం వల్ల ఇప్పటిదాకా ఎవరికీ లాభం కనబడలేదు.

మన జిల్లాల్లో ఆ వెతుకులాట ఎక్కడ మొదలెట్టాలి అంటే, నేనైతే నోట్లో మొదలెడతాను. చిగుళ్లు వాచి చీము కారే పళ్లు సీఆర్‌పీని చిన్నగా పెంచుతూనే ఉంటాయి, అదొక్కటే కాదు, కృత్రిమ వాల్వు పెట్టాక ఆ పళ్లనుంచి రక్తంలోకి వెళ్లిన బ్యాక్టీరియా వాల్వు మీద కూర్చుంటే అది ప్రాణాంతకం. వాల్వు ఆపరేషన్‌కి ముందు పళ్ల డాక్టర్ దగ్గర సర్టిఫికెట్ తెమ్మంటే మనవాళ్లు గుండెకీ పళ్లకీ ఏటి సంబంధం అని విసుక్కుంటారు. ఇక్కడ పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. అంగిలి మీద తెల్లమచ్చలు, చిగుళ్ల జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు అన్నీ దాంతోనే. ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు ఆపగలిగితే ఊపిరితిత్తులకి పనికొస్తుంది. "మీ ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా" అని అడిగితే కొడుకు తన తండ్రి గురించే చెప్తాడు, అమ్మ చుట్ట సంగతి ఎవరికీ గుర్తురాదు. అమ్మనే అడగాలి.

తర్వాత కాళ్లు. బైపాస్‌కి వాడే రక్తనాళాల్లో ఒకటి కాలి లోపలి వైపు పొడుగునా ఉండే సిర. శ్రీకాకుళం, విజయనగరం రెండూ బోదకాలు ఉన్న జిల్లాలే. వాపు పెద్దగా కనిపించకపోయినా ఏడాదికి రెండు మూడుసార్లు గజ్జల్లో బిళ్ల కట్టి, చలి జ్వరం వచ్చి, కాలు ఎర్రబడి నాలుగు రోజుల్లో తగ్గిపోయేవాళ్లు చాలామంది, దాన్ని జబ్బుగా లెక్కెయ్యరు కూడా. అది బోదజ్వరం, ఆ నాలుగు రోజుల్లో సీఆర్‌పీ ఎగిరిపోతుంది. అలాంటి కాలినుంచి సిర తీస్తే పుండు మానడం కష్టమవుతుంది, ఇంకో కాలో, చేతి రక్తనాళమో, ఛాతీ లోపలి రక్తనాళమో చూసుకోవాలా అన్నది సర్జన్ ముందే ఆలోచించుకోవాలి. ఏ కాలికి బిళ్ల కడుతుందో ఒక్క మాట చెప్తే చాలు, ఏ మెషీనూ ఇవ్వని సమాచారం అది. షుగర్ ఉన్నవాళ్లయితే పాదాల వేళ్ల మధ్య ఒరుపులు, మానని పుండు, మూత్రంలో మంట, ఇవి కూడా. చాలాసార్లు మా దగ్గర సీఆర్‌పీ గుట్టు యూరిన్ కల్చర్‌లోనే, అంటే మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షలోనే బయటపడుతుంది.

ఉద్దానం వాళ్లది వేరే లెక్క. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ మండలాల్లో షుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడవడం మూడు దశాబ్దాలుగా ఉన్న గోస, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం పెట్టింది అందుకే. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లలో సీఆర్‌పీ ఎప్పుడూ కొంచెం పైనే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ లేకపోయినా. అక్కణ్ణుంచి గుండె ఆపరేషన్‌కి వెళ్లే మనిషి రిపోర్టులో ముందు చూడాల్సింది కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరోస్కోర్ లెక్కలో బరువు దానికే ఉంది. ఆ మనిషి సీఆర్‌పీ 14ని 5కి దించాలని తంటాలు పడుతూ కిడ్నీకి పడని నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ వేస్తే ఉన్న కిడ్నీ కూడా పోతుంది. ఇది జరుగుతోంది కూడా.

వాల్వు ఆపరేషన్‌కి వెళ్లే కుర్రవాళ్ల విషయానికొస్తే, చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ వాల్వు పాడైనవాళ్లే మన దగ్గర ఎక్కువ. వీళ్లకి సీఆర్‌పీ, ఈఎస్ఆర్ అంకెలు నిజంగానే ముఖ్యం, ఎందుకంటే జ్వరం ఇంకా లోపల రగులుతోందా, చల్లారిందా తెలుసుకోవడానికి వాడే కొలబద్దల్లో ఇవి ఉన్నాయి. రుమాటిక్ జ్వరాన్ని నిర్ధారించడానికి వాడే జోన్స్ ప్రమాణాల్ని 2015లో సవరించారు, వాటిలో మనలాంటి జబ్బు ఎక్కువున్న చోట్ల ఈఎస్ఆర్ 30 చేరడం, లేదా సీఆర్‌పీ లీటరుకి 30 చేరడం ఒక చిన్న సాక్ష్యంగా లెక్క. రగులుతున్నప్పుడు కుట్లు పడే కణజాలం మెత్తగా, వాచి ఉంటుంది, కుదిరితే చల్లారేదాకా ఆగాలని చూస్తారు, వాల్వు పూర్తిగా చేతులెత్తేసి ఊపిరాడకపోతే ఆగకుండా చేసేస్తారు. మూడు వారాలకోసారి వేసుకునే పెన్సిలిన్ ఇంజక్షన్ని మధ్యలో మానేశారా అన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న, నొప్పి పుడుతుందని మానేసినవాళ్లు చాలామంది.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు అన్నది అంకెలో లేదు. ఎడమ ప్రధాన రక్తనాళం మూసుకుపోవస్తున్న మనిషికి, కూర్చున్నా ఛాతీ నొప్పి వస్తున్న మనిషికి సీఆర్‌పీ 40 ఉన్నా గడియారం అతనికి వ్యతిరేకంగా తిరుగుతోంది, ఆ 40 అసలు ఆ గుండె కండ నొప్పి వల్లే వచ్చి ఉండొచ్చు. నడిస్తే ఆయాసం వచ్చే, నెల ఆగినా ఫర్వాలేని వాల్వు రోగికి సీఆర్‌పీ 40తోపాటు దగ్గు, జ్వరం ఉంటే రెండు మూడు వారాలు ఆగడమే తెలివైన పని. వాయిదా వేశారని అలిగి ఇంకో ఆస్పత్రికి మారేవాళ్లకి ఈ తేడా ఎవరైనా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్తే బాగుణ్ను.

ఆపరేషన్ అయ్యాక మూడో రోజు సీఆర్‌పీ 150, 180 అని వార్డులోంచి ఫొటో పంపేవాళ్లకి ఒక్క మాట. అది రావలసిందే. రెండో మూడో రోజుకి శిఖరానికి చేరి అక్కణ్ణుంచి దిగాలి. దిగుతూ దిగుతూ ఐదో రోజో ఏడో రోజో మళ్లీ ఎక్కడం మొదలెడితే, అప్పుడు డాక్టర్లు కుట్లు చూస్తారు, ఊపిరితిత్తులు చూస్తారు, కల్చర్‌కి పంపుతారు.

ఇంకొకటి మిగిలింది, ఇది ల్యాబ్ విషయం కాదు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదటగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు. అప్పటిదాకా పొలమమ్ముకుంటే తప్ప బైపాస్ మాట ఎత్తలేని ఇళ్లనుంచి జనం విశాఖకి వెళ్లడం అప్పుడే మొదలైంది. కానీ అప్రూవల్ రావడానికి, బెడ్ దొరకడానికి, తోడు వెళ్లే మనిషి పని మానుకోవడానికి పడే పాట్ల వల్ల, ఒకసారి డేట్ దొరికాక దాన్ని వదులుకోవడమంటే ప్రాణం పోయినట్టుంటుంది. దాంతో ముందురోజు రాత్రి జ్వరమొస్తే పారాసిటమాల్ రెండు వేసుకుని, పొద్దున్నే నుదురు చల్లగా ఉందని చూపించి అడ్మిట్ అయిపోతారు. జ్వరం దాచినా రక్తంలో సీఆర్‌పీ దాగదు, పారాసిటమాల్ దాన్ని దించదు. అక్కడ చేసే రక్తపరీక్షలో బయటపడితే కారణం వెతుక్కుంటూ వార్డులో ఇంకో వారం పడుంటారు, బయటపడకపోతే ఇంకా ఘోరం. జ్వరం వచ్చిన రాత్రే ఆస్పత్రిలో కోఆర్డినేటర్‌కో, ఆరోగ్యమిత్రకో ఫోన్ చేసి, ఎన్నింటికి వచ్చింది, ఎంత వచ్చింది, దగ్గుందా, మూత్రంలో మంటుందా, కాలికి బిళ్ల కట్టిందా చెప్పి, డేట్ మార్చాలా అలాగే రావాలా వాళ్లనే అడగండి.